తీగ ప్రాకిందా, పాకిందా?

గోదారిగట్టు: కరెంటు పారే ప్లాస్టిక్‌కు 2000లో నోబెల్ వచ్చినప్పుడు మా కెమిస్ట్రీ మాస్టారు ఒక మాటన్నారు. "కరెంటు తగిలితే నరం కూడా తీగలా..." ఆ తర్వాత ‘ప్రాకుతుంది’ అన్నారా, ‘సాగుతుంది’ అన్నారా? రెండు రోజులుగా బుర్ర తినేస్తోంది.

ఓరుగల్లుపిల్ల: ప్రాకడమే. 1997 నాటి పాలిపిరోల్ ప్రయోగం గురించి అయ్యుంటుంది. అదీ కరెంటు పారే ప్లాస్టిక్కే. పొరకు 100 మిల్లీవోల్టులు పెడితే నరాల పరిశోధనలో వాడే ఎలుక పీసీ12 కణాల నుంచి మొలిచే పోగుల మధ్యస్థ పొడవు 9.5 మైక్రాన్లకు బదులు 18 దాటింది. సాగేది రబ్బరు. ఇది చిగురు వేస్తూ పోయింది.

పాతప్రూఫురీడరు: ‘ప్రా’ ఎందుకండీ? క్రొత్త కొత్తయింది, ప్రొద్దు పొద్దయింది. ఇంకా క్రావడి మోజేనా?

పద్యాలపిచ్చి: లయ కోసమేమో. ‘తీగె ప్రాకె’లో ‘గె’ గురువవుతుందిగా.

పాతప్రూఫురీడరు: అవదు. తెలుగు మాట మొదట జంటాక్షరం ఉన్నా ముందు మాట చివరి లఘువు లఘువే. పాకు కుదిరే యతి ప్రాకూ కుదురుతుంది.

పద్యాలపిచ్చి: సరే, ఒప్పుకున్నా. పోతన ‘లత’ అన్నా నాకు దొడ్లో సొరతీగే కనిపిస్తుంది. ఆయన చేతిలో పడితే ఈ నరానికీ రెండు మొగ్గలు తొడిగేవాడు.

ల్యాబులోఉన్నా: పాలిపిరోల్ చూస్తే ఆ మాట అనరు. మాడిన అట్టులా నల్లగా ఉంటుంది, వంచితే పుటుక్కున విరుగుతుంది. ఇంకోటి, పిల్లాడు పాకితే ఒళ్లంతా కదులుతుంది. తీగ పాకితే మొదలు అక్కడే ఉంటుంది. ఈ కణాలది రెండో రకం. నా తిప్పలైతే ‘స్కాఫోల్డ్’ అనే మాటతో, అంటే కణాలు పట్టుకుని పెరిగే ఆధారం. అమ్మకు ‘సారువ’ అని చెప్పా.

ఓరుగల్లుపిల్ల: మా దిక్కు గోవ అంటరు.

పాతప్రూఫురీడరు: సారువైనా గోవైనా పని కాగానే విప్పేస్తారు. పాలిపిరోల్ ఒంట్లో కరగదు కదా? అందుకేగా కరిగే పాలిమర్లతో కలిపి చూస్తున్నారు. నన్నడిగితే ‘పందిరి’ అనాలి.

పద్యాలపిచ్చి: పెళ్లయ్యాక పందిరీ పీకేస్తారండీ.

పాతప్రూఫురీడరు: నేనన్నది దొండపందిరి. మా ఇంట్లో ఆరేళ్లుగా అదే ఉంది.

గోదారిగట్టు: పందిరి సంగతి తర్వాత. మా బ్యాచ్ గ్రూపులో అడిగితే ఒకడు, "రెండూ కాదురా, ‘అల్లుకుంటుంది’ అన్నారు" అంటున్నాడు. వాడు ఆ రోజు క్లాసుకే రాలేదని ఇంకొకడు.