వ్యాగన్‌కు రెండు పక్కలా రెండు నంబర్లుంటే దేనిని ప్రమాణంగా తీసుకోవాలి?

సైడింగ్ గుమాస్తా:
మిత్రులకు నమస్కారం. తాండూరు ప్రాంతంలో ఒక సిమెంటు కర్మాగారపు సైడింగులో, అంటే కర్మాగారం కోసం వేసిన రైలు పట్టాల శాఖలో, లోడింగు లెక్కలు రాసే ఉద్యోగం నాది. ఈ వారం వచ్చిన ఖాళీ రేకులో, అంటే వ్యాగన్ల వరుసలో, కప్పు ఉన్న ఒక వ్యాగన్‌కు ఒక పక్క 33091204576 అనీ, రెండో పక్క 33091704576 అనీ రాసి ఉంది. రెండో పక్క పెయింటు కొత్తది. అయితే ఆరో అంకె దగ్గర స్టెన్సిల్ అంచు చెదిరి ఉండటం వల్ల, అది మొదట రెండై ఉండి తరువాత ఏడుగా మారిందేమోనన్న అనుమానం కలుగుతోంది. కొత్తగా రాసినదే సరైనదని మా వాళ్లు అంటున్నారు. రైల్వే రసీదులో తప్పు నంబరు పడితే సరుకు చేరే చోట చిక్కులు వస్తాయి కనుక అడుగుతున్నాను: ఇటువంటప్పుడు ఏది సరైనదో తేల్చే పద్ధతి ఏదైనా ఉన్నదా?

పాత వర్క్‌షాపు మనిషి:
ఉన్నదండీ. పెయింటు కొత్తదైనంత మాత్రాన నంబరు సరైనదని అనుకోకూడదు. తిరిగి రంగు వేసేటప్పుడే ఇటువంటి పొరపాట్లు ఎక్కువగా దొర్లుతాయి.

2003లో వచ్చిన పదకొండు అంకెల పద్ధతిలో మొదటి రెండు అంకెలు వ్యాగన్ రకాన్ని తెలుపుతాయి. 10 నుంచి 29 వరకు పైకప్పు లేనివి, 30 నుంచి 39 వరకు కప్పు ఉన్నవి, 40 నుంచి 54 వరకు ట్యాంకర్లు. తరువాతి రెండు అంకెలు సొంతదారు రైల్వేవి. మీరు రాసిన 09 దక్షిణ మధ్య రైల్వేది. అది ఎవరి ఆస్తి అన్న సంగతే గాని ఎక్కడ తిరుగుతున్నది అన్న సంగతి కాదు కనుక, 09 ఉన్న వ్యాగన్ అస్సాంలో కనబడినా ఆశ్చర్యపోనక్కరలేదు. ఐదో, ఆరో అంకెలు తయారైన సంవత్సరం, ఆ పైన నాలుగు వరుస సంఖ్య, చివరిది చెక్ డిజిట్, అంటే మిగతా అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకునే తనిఖీ అంకె.

అంటే మీ తగాదా అంతా ఆ వ్యాగన్ 2012లో తయారైందా, 2017లో తయారైందా అన్న దగ్గరే ఉంది. అండర్‌ఫ్రేముకు, అంటే అడుగు చట్రానికి, పక్కగా ఉండే ఉక్కు దూలం మీద, అంటే సోల్‌బార్ మీద, తయారీదారు బిగించిన పలక ఉంటుంది. దాని మీది మసి తుడిచి సంవత్సరం చూడండి. పెయింటు కుర్రవాడి చెయ్యి ఆ పలక జోలికి పోదు.

ఇంకొక మాట. వ్యాగన్ మీద నంబరు ఒక్కటే ఉండదు. రకం పేరు, ఖాళీ బరువు, మోయగల బరువు, మళ్లీ వర్క్‌షాపుకు రావలసిన తేదీ కూడా ఉంటాయి. హడావుడిలో వీటిలోని అంకెలను నంబరుతో కలిపి చదివేసేవారిని చాలామందిని చూశాను.

లెక్కల రామం:
వర్క్‌షాపు మనిషి గారు చెప్పినది నిజమే గాని, పలక కోసం వంగి చూసే ముందు కాగితం మీదే సగం తేలిపోతుంది. చెక్ డిజిట్ పెట్టినది అందుకే.

ఎడమ నుంచి సరి స్థానాల్లోని ఐదు అంకెలను కూడి మూడుతో హెచ్చవేయాలి. దానికి ఒకటి, మూడు, ఐదు, ఏడు, తొమ్మిది స్థానాల అంకెలను కలపాలి. వచ్చిన మొత్తాన్ని ఆ పై పదికి చేర్చడానికి ఎంత కావాలో అదే చివరి అంకె. మీ మొదటి నంబరులో సరి స్థానాలు 3, 9, 2, 4, 7. మొత్తం 25, మూడింతలు 75. మిగిలినవి 3, 0, 1, 0, 5 కలిపితే 9. అంతా కలిపి 84, తొంభైకి ఆరు తక్కువ, చివరి అంకె ఆరు. సరిపోయింది. రెండవ దానిలో రెండుకు బదులు ఏడు పెడితే మొత్తం 99 అవుతుంది, చివర 1 ఉండాలి, కాని 6 ఉన్నది. కనుక కొత్త పెయింటుదే తప్పు.

ఒకే ఒక అంకె తప్పయితే ఈ లెక్క తప్పకుండా పట్టిస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైనప్పుడు మాత్రం, వాటి మధ్య తేడా సరిగ్గా ఐదయితే పట్టదు. 27ను 72 అని రాస్తే చెక్ డిజిట్ మారదు. దుకాణాల్లోని పదమూడు అంకెల బార్‌కోడుకూ ఇదే బలహీనత ఉన్నది, ఎందుకంటే అక్కడి లెక్కా ఇటువంటిదే.

మ్యూనిక్ తెలుగువాడు:
ఐరోపాలో పన్నెండు అంకెలు వాడతారు. మూడో, నాలుగో అంకెలు వాహనం నమోదైన దేశానివి. జర్మనీకి 80, ఫ్రాన్సుకు 87. చివరి అంకెను అడ్డగీత తరువాత విడిగా రాస్తారు కనుక అది తనిఖీ అంకె అని చూడగానే తెలుస్తుంది. తనిఖీ అంకె కోసం వారు వాడే లూన్ అనే లెక్క పద్ధతిలో పక్కపక్క అంకెల తారుమారు 09, 90 విషయంలో తప్ప దొరికిపోతుంది. ఈ ఒక్క విషయంలో మన పద్ధతి కంటే అది మెరుగు.

నాకు నచ్చినది మాత్రం ప్రదర్శన నియమం. అక్షరాలు, అంకెలు కనీసం 80 మిల్లీమీటర్ల ఎత్తుండాలి, కొనల అలంకారాలు లేని అక్షర రూపంలో ఉండాలి, పట్టా మీది నుంచి రెండు మీటర్ల ఎత్తు దాటకూడదు. సోల్‌బార్ మీద తప్ప వేరే చోటు లేనప్పుడే అంతకంటే చిన్నగా రాయనిస్తారు. ఇంజన్లకయితే రెండు పక్కలతో పాటు డ్రైవరు గది లోపల కూడా ఆ నంబరు ఉండాలి. పట్టాల పక్కన నిలబడిన మనిషి మెడ ఎత్తకుండా చదవగలగాలన్న ఆలోచన ఇందులో కనబడుతుంది.

సైడింగ్ గుమాస్తా:
అందరికీ కృతజ్ఞతలు. పలక మీద 2012 అని ఉన్నది, రామం గారి లెక్కతో కలిసింది. మొదటి నంబరే రసీదులోకి పంపాము. రెండో పక్క రాతను సరిచేయమని టి.ఎక్స్.ఆర్. (బండ్లను తనిఖీ చేసే రైల్వే ఉద్యోగి) గారికి ఫోటోతో సహా మెమో ఇచ్చాము. ప్యాసింజరు పెట్టెల పాత ఐదంకెల నంబర్లకు కూడా చెక్ డిజిట్ ఉంటుందా?

పాత వర్క్‌షాపు మనిషి:
ఉండదండీ. అక్కడ మొదటి రెండు అంకెలు సంవత్సరం, చివరి మూడు పెట్టె రకాన్ని బట్టి. స్లీపరుకు 201 నుంచి 400 వరకు. అదే నంబరు వేరే జోనులోనూ ఉండవచ్చు కనుక, ముందున్న జోను అక్షరాలు వదిలేసి రాస్తే ఆ నంబరు అసంపూర్ణం. ఎస్-1, బి-2 వంటివి ఆ రోజు రైలులో పెట్టె వరుసను చెప్పేవి మాత్రమే. ఫిర్యాదులో వాటిని రాసి ఊరుకుంటే మరునాటికి ఆ పెట్టెను ఎవరూ గుర్తుపట్టలేరు.