చర్చ: ప్రాథమిక తరగతుల ప్రాజెక్టుల్లో తల్లిదండ్రుల చేయి ఎంతవరకు ఉండాలి?

మూడో తరగతి నాన్న (చర్చ ప్రారంభం)

ఐదో తరగతి వరకు పిల్లలకు ఇచ్చే ప్రాజెక్టులను ఇంటికి పంపడం మానేసి, మొత్తం బడిలోనే చేయించాలని నా అభిప్రాయం. ఇది ఎవరి మీదో కోపంతో అంటున్న మాట కాదు. నేను చేసిన పొరపాటు వల్ల ఏర్పడిన అభిప్రాయం కాబట్టి ముందు ఆ పొరపాటు చెబుతాను.

మా అమ్మాయికి విత్తనాల మీద ప్రాజెక్టు ఇచ్చారు. రెండు డబ్బాల్లో తడి దూది పరిచి, చిక్కుడు గింజలు వేసి, ఒకదాన్ని కిటికీ దగ్గర, మరొకదాన్ని తలుపు మూసిన అలమరలో ఉంచి, రోజూ మొలక పొడవును స్కేలుతో కొలిచి పట్టికలో రాయాలి. తొమ్మిదో రోజున పట్టిక చూశాను. కిటికీ దగ్గరి మొలక 8 సెంటీమీటర్లు, అలమరలోది 15 సెంటీమీటర్లు అని ఉంది. మొక్కకు వెలుతురు కావాలని చిన్నప్పుడు చదువుకున్నవాణ్ణి కనుక, పిల్ల రెండు గడులను తారుమారు చేసిందనుకున్నాను. అలమర తెరిచి చూడలేదు. ‘సరిగ్గా చూసి రాయాలమ్మా’ అని రబ్బరు చేతికిచ్చి అంకెలు మార్పించాను. ‘కాదు నాన్నా, చీకట్లోదే పొడుగ్గా ఉంది’ అని రెండుసార్లు అన్నది. మూడోసారి అనలేదు.

తరగతిలో మిగతా పిల్లల పట్టికల్లో చీకటి మొలకే పొడుగ్గా ఉంది. మా అమ్మాయిది ఒక్కటే వేరుగా ఉంది. టీచర్ అడిగినప్పుడు నా పేరు చెప్పడం ఇష్టం లేక తనే తప్పు రాశానని ఒప్పుకుందట. సాయంత్రం ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు కుదుటపడలేదు. చదువుకున్న నేనే ఇంత హాని చేయగలిగితే, ఇంటికి వచ్చే ప్రతి ప్రాజెక్టులోనూ ఈ ప్రమాదం ఉన్నట్టే కదా. అందుకే అడుగుతున్నాను: ఈ పని బడిలోనే ఎందుకు ముగియకూడదు?

నల్లబల్ల (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు)

మీరు దాచుకోకుండా రాసినందుకు కృతజ్ఞతలండీ. ముందుగా విజ్ఞాన విషయం చెబుతాను, ఎందుకంటే మీ అమ్మాయి చూసినదే నిజం. గింజ మొలకెత్తడానికి నీరు, గాలి, తగినంత వెచ్చదనం ఉంటే చాలు. చాలా రకాల గింజలకు ఆ దశలో వెలుతురు అవసరం లేదు. చీకట్లో మొలిచిన మొక్క గింజపప్పులో దాచి ఉన్న ఆహారాన్నంతా వెలుతురును వెతుక్కుంటూ కాండం సాగడానికే ఖర్చు చేస్తుంది. పత్రహరితం తయారు కాదు కనుక పాలిపోయి, పసుపుగా, సన్నగా, చిన్నచిన్న ఆకులతో ఉంటుంది. నిల్వ అయిపోయాక వాలిపోతుంది. కిటికీ దగ్గరిది పొట్టిగా ఉన్నా కాండం గట్టిగా, ఆకులు పచ్చగా ఉంటాయి. పొడవు పెరగడం, బలంగా ఎదగడం ఒకటి కావని పిల్లలు తమ కళ్లతో చూడటానికే ఆ ప్రాజెక్టు పెడతారు. పెద్దలు ఊహించే జవాబుకు ఎదురు తిరిగే ఫలితం రావడమే అందులోని విలువ.

ఇక మీ ప్రతిపాదనతో నేను ఏకీభవించలేను. తొమ్మిది రోజులపాటు ప్రతిరోజూ ఒకే డబ్బాను చూడటం, సెలవు రోజున కూడా మరిచిపోకుండా కొలవడం ఇంట్లోనే సాధ్యం. నెల పొడవునా చంద్రుణ్ణి చూసి బొమ్మ గీయమంటే ఆ పని రాత్రిపూట బడిలో చేయించలేము కదా. మీ ఇంట్లో జరిగిన తప్పు ప్రాజెక్టు ఇంటికి రావడం వల్ల జరిగింది కాదు. అలమర తెరిచి చూసి ఉంటే సరిపోయేది.

రాత్రి షిఫ్టు (రెండో తరగతి అబ్బాయి తల్లి)

మాస్టారూ, అలమర తెరిచి చూడటానికి ఇంట్లో ఒక మనిషి మెలకువగా ఉండాలి. మా అబ్బాయి బడి నుంచి వచ్చే వేళకు నేను పనికి బయలుదేరతాను. ప్రదర్శన రోజున థర్మోకోల్ కోటలు, మోటారుతో తిరిగే గాలిమరలు వరుసగా పెడతారు. వాటి పక్కన మావాడు ఒక్కడే అట్ట కత్తిరించి అతికించిన వంకర ఇల్లు ఉంటుంది. వాడు దాన్ని ఎంతో ఇష్టంగా చేశాడు, కానీ అందరూ చూసే ఆ వరుసలో నిలబడినప్పుడు చేత్తో కప్పుకున్నాడు. పెద్దల పనికి, పిల్లల పనికి ఒకే బల్ల మీద మార్కులు వేసినంత కాలం నేను మూడో తరగతి నాన్నగారి పక్షమే.

ఇద్దరు పిల్లల తల్లి

మీ బాధ నాకు అర్థమవుతోందండీ, అయినా ప్రాజెక్టును ఇంటి నుంచి పూర్తిగా తీసేస్తే మనకు, పిల్లలకు మధ్య చదువు గురించి మిగిలే మాట ‘హోంవర్క్ అయిందా’ అన్న ప్రశ్న ఒక్కటే అవుతుందని నా భయం.

మా పెద్దవాడికి సౌరకుటుంబం నమూనా ఇచ్చారు. నేను కూడా మొదట బంతులు, రంగులు, అట్టపెట్టె కొనాలనే అనుకున్నాను. అయితే వాడు పుస్తకంలోని బొమ్మ చూసి ‘నిజంగా ఇంత దగ్గరగా ఉంటాయా అమ్మా’ అని అడిగాడు. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. భూమిని ఒక సెంటీమీటరు పూస అనుకుంటే, సూర్యుడి అడ్డుకొలత దాదాపు 109 సెంటీమీటర్లు ఉండాలి. ఆ పూసను సూర్యుడికి సుమారు 117 మీటర్ల దూరాన పెట్టాలి. ఏ అట్ట మీదా పట్టదు. వీధిలోకి వెళ్లి, సుద్దముక్కతో సూర్యుణ్ణి నేల మీద గీసి, వాడి అడుగు పొడవు కొలిచి, అన్ని అడుగులూ నడిచి అక్కడ పూసను పెట్టాం. వెనక్కి తిరిగి చూసి వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బడికి తీసుకెళ్లినది ఒక పూస, అడుగుల లెక్క రాసిన కాగితం మాత్రమే. అందులో నా చేయి ఉందా అంటే భాగహారంలో ఉంది, నడకలో తోడుగా ఉంది. ఆ ప్రశ్న మాత్రం వాడిది. అంతమాత్రం చేయి కూడా ఉండకూడదంటే నేను ఒప్పుకోలేను.

విశ్రాంత ఉపాధ్యాయిని

ముప్పై ఏళ్లకు పైగా ప్రాథమిక తరగతులకే చెప్పినదాన్ని కనుక కొంచెం విపులంగా రాస్తున్నాను, ఓపికతో చదవండి.

ప్రాజెక్టు పద్ధతికి ఆ పేరు మీద ప్రచారం తెచ్చినవారు అమెరికా విద్యావేత్త విలియం కిల్‌పాట్రిక్. 1918లో రాసిన వ్యాసంలో ఆయన పట్టుబట్టిన విషయం ఒక్కటే: పిల్లవాడు తన సొంత ఉద్దేశంతో, మనసు పెట్టి చేసే పని కావాలి. అలంకరణ, ప్రదర్శన ఆ నిర్వచనంలో లేవు. మనం తర్వాత చేర్చుకున్న ఆ రెండే ఈరోజు రాత్రి షిఫ్టు గారి అబ్బాయి చేత తన ఇల్లును కప్పించాయి.

సాయం ఎంత అన్న ప్రశ్నకు డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ 1976లో ప్రచురించిన పరిశోధన నాకు చాలా ఉపకరించింది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు 30 మందికి 21 చెక్కముక్కలిచ్చి గోపురంలాంటి ఆకారం కట్టమన్నారు. పక్కన కూర్చున్న పెద్దమనిషి వీలైనంత వరకు పిల్లలనే చేయనిచ్చి, అవసరమైనప్పుడే సాయపడింది. ఆ సాయాన్ని వారు ఇల్లు కట్టేటప్పుడు వేసే పరంజాతో పోల్చారు. పిల్లవాడికి ఆసక్తి పుట్టించడం, పనిని వాడికి అందేంత చిన్నది చేయడం, దారి తప్పకుండా చూడటం, ముఖ్యమైనదాన్ని ఎత్తి చూపడం, విసుగును తగ్గించడం, ఎలా చేయాలో చూపించడం అనే ఆరు పనులను వారు పేర్కొన్నారు. గోడ లేచేకొద్దీ పరంజా విప్పేస్తారు. గోడకు బదులు పరంజాకే సున్నం వేయడం మన ఇళ్లలో జరుగుతున్న పొరపాటు.

నాన్నగారూ, మీ విషయంలో నాకు మరో మాట తోస్తోంది. మీరు సాయం చేయాలనుకున్నది అంకెలకు. సాయం కావలసినది కళ్లకు. ‘చీకట్లోది పొడుగ్గా ఉందా? ఇంకేం తేడా కనిపిస్తోంది? రంగు ఎలా ఉంది, కాండం పట్టుకుంటే ఎలా ఉంది?’ అని అడిగి ఉంటే, పాప మిమ్మల్ని చెయ్యి పట్టుకుని అలమర దగ్గరికి తీసుకెళ్లేది. జవాబు తెలియని తల్లిదండ్రులు కూడా ఈ ప్రశ్నలు అడగగలరు. నిజానికి జవాబు తెలుసనుకున్నవారికే ఇది ఎక్కువ కష్టం.

నల్లబల్ల

రాత్రి షిఫ్టు గారూ, మీరు రాసినది రెండు రోజులుగా నా మనసులో తిరుగుతోంది. మీ అభ్యంతరం న్యాయమైనది, నా మొదటి జవాబులో దానికి చోటివ్వలేదు. హారిస్ కూపర్, ఆయన సహచరులు అమెరికాలో 1987 నుంచి 2003 వరకు జరిగిన పరిశోధనలను సమీక్షించి 2006లో ప్రచురించారు. ఇంటిపనికి, చదువులో ఫలితాలకు ఉన్న సంబంధం ఏడు నుంచి పన్నెండో తరగతి వరకు కనిపించినంత బలంగా చిన్న తరగతుల్లో కనిపించలేదు. అంటే ఇంటి నుంచి వచ్చే వస్తువు కోసం చిన్నపిల్లలను, వారి కుటుంబాలను ఇంత శ్రమ పెట్టడానికి గట్టి ఆధారం మా దగ్గర లేదు.

ఈసారి నుంచి నా తరగతిలో ఇంటి దగ్గర చూడటం, అడగడం, కొలవడం మాత్రమే ఉంటాయి. కత్తిరించడం, అతికించడం, చార్ట్ రాయడం బడిలోనే, బడి సామగ్రితోనే జరుగుతాయి. మార్కులు పరిశీలన పుస్తకానికే వేస్తాను. కొట్టివేతలు ఉంటే తగ్గించను. పరిశీలన కూడా కుదరని పిల్లల కోసం తరగతి కిటికీ దగ్గర నాలుగు డబ్బాలు అదనంగా ఉంచుతాను.

రాత్రి షిఫ్టు

అలా చేస్తే నాకు అభ్యంతరం లేదండీ. చూసినదాన్ని మావాడు మరునాడు పొద్దున నేను జడ వేసుకునే వేళ నాకు చెబుతాడు. ఆ పది నిమిషాలు నాకూ ఉన్నాయి.

మూడో తరగతి నాన్న

అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. పూర్తిగా నిషేధించాలన్న నా ప్రతిపాదనను వెనక్కి తీసుకుంటున్నాను. తయారీ బడిలోనే జరగాలన్న భాగం మీద మాత్రం నిలబడే ఉన్నాను. మాస్టారు చెప్పిన పద్ధతి అన్ని తరగతులకూ రావాలని కోరుకుంటున్నాను.

అంకెలు మార్పించింది నేనేనని టీచర్‌కు ఉత్తరం రాసి, అమ్మాయికి చదివి వినిపించి పంపాను. మా అమ్మాయి మళ్లీ గింజలు వేసింది. ఈసారి మూడో డబ్బా కూడా పెట్టింది: ఐదు రోజులు చీకట్లో ఉంచి, ఆ తర్వాత కిటికీ దగ్గరికి మారుస్తుందట, పసుపు మొలక పచ్చబడుతుందో లేదో చూడాలట. ఆ ఆలోచన తనదే. ఈరోజు నాలుగో రోజు. కొలతలు తను చెబుతుంటే విన్నాను, తర్వాత అలమర తలుపు తెరిచి చూపించమని అడిగాను.