దుబాయ్‌కి పిల్లలతో: సామానుల ఏం పెట్టొద్దు?

ప్రశ్న (మిర్యాలగూడ): అత్తమ్మ ఇంట్ల పట్టిన మసాలా, మామిడికాయ తొక్కు, ఎండు కొబ్బరి, దగ్గు సిరప్ సర్దుతున్నది. ఏమన్న ఇబ్బందైతదా?

జవాబు 1: మసాలాల గసగసాలు పడ్డయా? ముందుగాల అది అడుగుండ్రి. అక్కడ గసగసాలు మత్తుపదార్థం కిందికే లెక్క, కేసు జైలుదాక పోతది. పొడిల కలిసినా తప్పే. ఇక్కడ కూరల ఏస్కుంటం గదా అంటే వాళ్లు ఇనరు.

జవాబు 2 (పాలమూరు): అక్కా, సిరప్‌ల కోడీన్ (మత్తు గుణమున్న మందు) ఉందేమో సీసా మీద సూడు. ఉంటే ఆ దేశ సర్కారు దగ్గర ముందే అనుమతి తీసుకోవాలె. ట్రమడాల్ అనే నొప్పి మందుకూ అంతే. డాక్టర్ చీటీ చేతిల ఉండాలె.

జవాబు 3: ఎండు కొబ్బరి ఇంట్లనే ఉంచుండ్రి, నూనె ఎక్కువ, తనంతట తనే వేడెక్కుతదని విమానంల బందు. తొక్కు డబ్బా మూతకు టేపేసి, రెండు కవర్లు కట్టి పెద్ద బ్యాగుల. చేతిసంచిల వద్దు.

జవాబు 1 (మళ్ల): పిల్లలకు అక్కడ ఉండే వీసా కావాల్నంటే, పుట్టిన సర్టిఫికెట్‌కు మన విదేశాంగశాఖ ముద్ర, ఆ తర్వాత యూఏఈ ఎంబసీ ముద్ర. వరుస తప్పితే వాపసే.