సెర్బియన్‌లో "ఉంటే": అకొ, కద్, ద... ఏది ఎక్కడ?

అమలాపురం_అమ్మాయి:
"డబ్బుంటే పడవ కొంటాను", "డబ్బుంటే పడవ కొనేదాన్ని". మనకి రెండిట్లోనూ ఒకటే "ఉంటే". సెర్బియన్‌లో ఒకచోట అకొ, ఒకచోట కద్, ఇంకోచోట ద వస్తున్నాయండి. "అకొ చు ఇమాతి నొవ్‌త్స" అని రాస్తే తప్పన్నారు. ఎందుకని?

కాలవగట్టు:
మనకి తేడా చివరి క్రియలో తెలుస్తుంది. వాళ్ళకి మొదటి మాటలోనే తేలిపోవాలండి.

జరగొచ్చు అనుకుంటే అకొ: "అకొ బుదెమ్ ఇమాల నొవ్‌త్స, కుపిచు చామత్స్". డబ్బుంటే పడవ కొంటాను. చు, చెష్ చేరే భవిష్యత్ రూపం ప్రధాన వాక్యానిదే. అకొ పక్కన "బుదెమ్ ఇమాల" గానీ మామూలు వర్తమానం "ఇమామ్" గానీ పెట్టాలి. మీ వాక్యం తప్పింది అక్కడే. ("అకొ చెష్" అని ఎక్కడైనా వినపడితే "నీకిష్టమైతే" అని అర్థం, అది వేరు.)

ఉత్త ఊహ అయితే "కద్ బిహ్ ఇమాల నొవ్‌త్స, కుపిల బిహ్ చామత్స్" (డబ్బుంటే పడవ కొనేదాన్ని). ఇప్పుడు చేతిలో లేదని తెలిసే అంటే "ద ఇమామ్ నొవ్‌త్స". నిరుటి మాటైతే "ద సమ్ ఇమాల నొవ్‌త్స". ఈ మూడింటికీ చివర "కుపిల బిహ్" అలాగే ఉంటుంది చూడండి. మనకి "ఉంటే" కదలదు, వాళ్ళకి ఇది కదలదు.

లంకరేవు:
ఊహని చూపే ఆ సహాయక క్రియ బిహ్ ఎక్కడ పెట్టాలో కూడా చూసుకోండి. అది వాక్యం మొదట్లో నిలవదు, రెండో చోటే దానిది. "బిహ్ కుపిల" తప్పు. "కుపిల బిహ్", "యా బిహ్ కుపిల" ఒప్పు. ముందు వ్యతిరేకార్థం ఇచ్చే నె చేరితే మాత్రం "నె బిహ్ కుపిల" అని మొదలెట్టొచ్చు.

నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్ళు వరసలో బిహ్, బి, బి, బిస్మొ, బిస్తె, బి. మాటల్లో చాలామంది అందరికీ బి వాడేస్తారు, రాతలో అది తప్పే. మగవాళ్ళయితే ఇమావొ, కుపియొ. మన కొనేవాణ్ణి, కొనేదాన్ని లాగే.

అమలాపురం_అమ్మాయి:
"వరద రాకపోయుంటే అరటి బతికేది" అనడానికి "ద నియె బిలొ పొప్లవ, బననె బి ప్రెజివెలె". సరిపోయిందాండి?

కాలవగట్టు:
ఒక్క అక్షరమే తేడా. "నియె బిలొ" అని లేకపోవడం చెప్పినప్పుడు పొప్లవ షష్ఠిలోకి వెళ్ళి "పొప్లవె" అవుతుంది. బననె స్త్రీలింగ బహువచనం గనక "ప్రెజివెలె" సరిగ్గా రాశారు. బి కూడా రెండో చోటే పడింది.