రిమోట్ తెరచాప పడవ: ముందు భాగంలో బీట

ప్రశ్న:
మా అబ్బాయి 65 సెంటీమీటర్ల తెరచాప పడవ గట్టు రాయికి కొట్టుకుని, ముందు భాగంలో బీట వచ్చింది. సూపర్ గ్లూ వేస్తే మళ్లీ విచ్చుకుంది. వాడు బాగా టెన్షన్ పడుతున్నాడు. ఏం చేయాలి?

జవాబు:
సూపర్ గ్లూ గట్టిపడ్డాక వంగదండీ. పల్చటి హల్, అంటే పడవ డొల్ల, అలలకు కొద్దిగా వంగుతూనే ఉంటుంది, అందుకే అక్కడే చిట్లుతుంది. ముందు ఆ జిగురంతా గీకేయండి. బీట ఆగిన చోట 1 మి.మీ. రంధ్రం వేయండి, లేకపోతే ఇంకా పాకుతుంది. లోపలి వైపు 120 నంబర్ ఎమరీ పేపర్‌తో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, పల్చటి గ్లాస్ ఫైబర్ గుడ్డను అరాల్డైట్‌తో అతికించండి. బీటకు రెండు వైపులా 2 సెం.మీ. వెడల్పు ఉండాలి. నిదానంగా గట్టిపడే రకమే వాడండి, ఒక రోజు కదపొద్దు. గుడ్డ ఒక్క పొర చాలు. ముక్కు బరువెక్కితే పడవ నడకే పాడవుతుంది, నాకు అదే ముఖ్యం.

ఇంకొకరు:
పడవ ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌దైతే, బయటి గీతకు ఏబీఎస్ ముక్కలు అసిటోన్‌లో కరిగించిన పేస్ట్ బాగుంటుంది. పల్చగా రాయండి, ఎక్కువైతే హల్ మెత్తబడుతుంది. కిటికీలు తెరిచి, మంటకు దూరంగా చేయండి.

ప్రశ్న అడిగినవారు:
మాది ఏబీఎసేనని ఎలా తెలుస్తుంది?

మొదటి జవాబు ఇచ్చినవారు:
లోపల కనపడని చోట అసిటోన్ ఒక చుక్క పెట్టండి. జిగటగా మారితే ఏబీఎస్ గానీ పాలీస్టైరీన్ గానీ అయ్యుంటుంది. ఏమీ కాకుండా, చేతికి మైనంలా తగిలితే పాలిథిలీన్ కావచ్చు. దానికి అరాల్డైట్ కూడా సరిగా పట్టదు. ముందు ఆ చుక్క సంగతి చూసి ఇక్కడ రాయండి.