పరవాడలో ప్లాంటు: నీళ్ళు ఆగిపోతే మొబైల్ ఆర్వో బండి తెప్పిద్దాం అంటున్నారు, ముందు మేం ఏం సిద్ధం చేసుకోవాలి?

షిఫ్ట్‌బీ_వైజాగ్:
అందరికీ నమస్కారం. నేను పరవాడ వైపు ఒక కెమికల్ యూనిట్‌లో యుటిలిటీస్ చూస్తాను. బాయిలర్, కూలింగ్ టవర్, డీఎం ప్లాంటు (నీళ్ళలో లవణాలన్నీ తీసేసేది) అన్నీ నా నెత్తినే. రోజుకి 180 కేఎల్ (కిలోలీటర్లు, ఒక్కోటి వెయ్యి లీటర్లు) నీళ్ళు వాడతాం. అందులో 90 కూలింగ్ టవర్‌కే పోతుంది, బాయిలర్‌కి 45, ప్రాసెస్‌కి 20, మిగతా 25 క్యాంటీన్, కడుగుళ్ళు, బాత్‌రూములు.

మొన్న వేసవిలో లైను రిపేరని రెండు రోజులు సప్లై ఆపేశారు. ట్యాంకర్లు తెప్పించాం. మొదటి నాలుగూ బాగానే ఉన్నాయి, ఐదోది ఎక్కడి బోరు నీళ్ళో గానీ హార్డ్‌నెస్ (పెచ్చు కట్టించే కాల్షియం, మెగ్నీషియం) 600. దాన్ని తీసే మా సాఫ్ట్‌నర్ 100 లెక్కన పెట్టింది. రాత్రి షిఫ్టు కుర్రాడు శాంపిల్‌లో పొడి వేస్తే నీలం రావాల్సింది ద్రాక్షరసంలా ఎర్రగా (అంటే హార్డ్‌నెస్ ఉన్నట్టు) వచ్చిందట, కిట్ పాతబడిపోయిందేమో అనుకుని ఊరుకున్నాడు. పొద్దున్న నేను వెళ్ళేసరికి ఏడెనిమిది గంటలుగా ఆ నీళ్ళే బాయిలర్‌లోకి పోతున్నాయి. తర్వాత షట్‌డౌన్‌లో తెరిచి చూస్తే ట్యూబుల మీద తెల్లటి పెచ్చు, గోరుతో గీకితే రాలలేదు.

ఇప్పుడు మా పైవాళ్ళు "మొబైల్ ట్రీట్‌మెంట్ ప్లాంటు అద్దెకి దొరుకుతుందట, ఎవరితోనైనా ఒప్పందం పెట్టేసెయ్" అంటున్నారు. అంటే నీళ్ళని మెంబ్రేన్ అనే సన్నటి పొర గుండా ప్రెషర్‌తో తోసి ఉప్పు తీసే ఆర్వో యంత్రం, కంటైనర్‌లో పెట్టి బండి మీద తెస్తారు. ఒక సప్లయర్ వచ్చి గంటకి 10 కేఎల్ బండికి కొటేషన్ ఇచ్చాడు. ఇచ్చి, టై-ఇన్ (బండిని మా పైపులకి కలిపే చోటు) ఎక్కడ, రిజెక్ట్ (ఆర్వో వదిలేసే ఉప్పు నీళ్ళు) ఎక్కడికి పంపుతారు, ఫీడ్ వాటర్ (బండిలోకి పోసే నీళ్ళ) రిపోర్టు ఉందా అని అడిగాడు. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు, పరువు పోయింది. 10 కేఎల్ సరిపోతుందా? అద్దె ఎందుకు, సొంతంగా ఒకటి కొని షెడ్డులో పెట్టుకుంటే పోదా?

తెన్నేటిపార్క్:
సముద్రం పక్కనే పెట్టుకుని నీళ్ళకి కరువేంటి గురూ, పైపు వేసి లాగెయ్యండి 😄

పాత_పంప్‌హౌస్:
తమ్ముడూ, పై జోకుకి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే మా ఎండీ కూడా ఒకప్పుడు సీరియస్‌గా ఇదే అడిగాడు. మామూలుగా అద్దెకొచ్చే ఆర్వో బోరు నీళ్ళకి పనికొచ్చేది, 10 నుంచి 20 బార్ ప్రెషర్ మీద నడుస్తుంది. సముద్రపు నీళ్ళలో ఉప్పు లీటరుకి 35 గ్రాముల దాకా ఉంటుంది, దానికి 55, 60 బార్ పైన కావాలి. పంపు వేరు, పైపింగ్ వేరు, మెంబ్రేన్ వేరు. పైగా వంద లీటర్లు లాగితే మంచి నీళ్ళు నలభై వస్తే గొప్ప. ఇన్‌టేక్ కట్టి పర్మిషన్లు తెచ్చుకునేసరికి నీ ఎమర్జెన్సీ అయిపోయి రెండేళ్ళవుతుంది.

ఇక నీ సంగతి. బండి నీళ్ళు పుట్టించదు, ఉన్న నీళ్ళని బాగు చేస్తుందంతే. ఈ ముక్క మీ పైవాళ్ళకి ముందు అర్థమయ్యేలా చెప్పు. ఎమర్జెన్సీ మూడు రకాలు. మొదటిది, నీళ్ళుంటాయి కానీ కరెంటు ఉండదు. నేను 2014 అక్టోబర్ 12న, హుద్‌హుద్ రోజు, డ్యూటీలో ఉన్నాను. మా సంపు నిండా నీళ్ళున్నాయి, మూత తీస్తే కనపడుతున్నాయి. కరెంటు లేదు. డీజీకి (జనరేటర్‌కి) ఉన్న డీజిల్ మర్నాటికి అయిపోయింది, బంకుల దగ్గర కిలోమీటర్ల క్యూలు. చివరికి క్యాంటీన్ కోసం బకెట్‌కి తాడు కట్టి సంపులోంచి చేదుకున్నాం, అంత పెద్ద ఫ్యాక్టరీలో. ఆ రోజు గేటు ముందు పది ఆర్వో బండ్లు నిలబెట్టినా చేసేదేం లేదు. కాబట్టి బండికి ఎంత లోడు కావాలో ముందే అడిగి, అది డీజీ మీదకి వచ్చేలా ఒక ప్యానెల్, సాకెట్ ఇప్పుడే పెట్టించు. మూడు రోజుల డీజిల్ ఎక్కడ ఉంచుతావో కూడా చూసుకో.

రెండో రకం, నీళ్ళు వస్తాయి కానీ బురద. సిటీకీ, స్టీల్ ప్లాంటుకీ నీళ్ళు తెచ్చే ఏలేరు ఎడమ కాలువ 150 కిలోమీటర్ల పైమాటే, తెరిచి ఉన్న కాలువ. గట్టి వాన పడితే రంగు మారదా మరి. ఆ నీళ్ళు తిన్నగా ఆర్వోకి పెడితే కార్ట్రిడ్జ్ ఫిల్టర్లు గంటకొకటి మార్చుకుంటూ కూర్చోవాలి. ముందు పటిక వేసి తేర్చుకోవడానికి ఒక ట్యాంకు ఖాళీగా ఉండాలి. మూడో రకం నీకు జరిగిందే, ట్యాంకర్ నీళ్ళు. నీ సాఫ్ట్‌నర్ 100 హార్డ్‌నెస్ మీద ఒక రీజనరేషన్‌కి (ఉప్పునీళ్ళతో కడిగి మళ్ళీ సిద్ధం చేసిన ప్రతిసారీ) 60 కేఎల్ ఇస్తుందనుకో, 600 మీద అదే పదికి ఆగిపోతుంది. అందులో మెషీన్ తప్పేం లేదు. గేటు దగ్గర శాంపిల్ తీసి చూడకుండా ట్యాంకర్‌ని లోపలికి పంపడం తప్పు. ఆ కుర్రాణ్ణి తిట్టకు, కొత్త కిట్ కొనిపెట్టు.

10 కేఎల్ లెక్క చూద్దాం. మొత్తం 180 ఆర్వోలోంచే తీస్తానంటే, 70 శాతం రికవరీ మీద (పోసిన వందలో మంచి నీళ్ళు 70) 257 కేఎల్ లోపలికి పొయ్యాలి. 12 కేఎల్ ట్యాంకర్లయితే రోజుకి 22. రిజెక్ట్ 77 కేఎల్, అది మీ ఈటీపీ (వాడేసిన నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు) తాగుతుందా? అలా కాకుండా బాయిలర్, ప్రాసెస్‌కి కలిపి 65 మాత్రం ఆర్వోలోంచి తీసుకో. దానికి 93 పోస్తే చాలు, రిజెక్ట్ 28. కూలింగ్ టవర్‌కీ, కడుగుళ్ళకీ మామూలు నీళ్ళు పంపు. మొత్తం 208 అవుతుంది, 18 ట్యాంకర్లతో పోతుంది. గంటకి 5 కేఎల్ బండి చాలు నీకు.

కొనడం మాత్రం వద్దు. మెంబ్రేన్ ఊరికే పెడితే పాచి పడుతుంది. మెటాబైసల్ఫైట్ కలిపిన నీళ్ళలో నానబెట్టాలి, అది పాడవకుండా చూస్తూ మారుస్తుండాలి. ఎమర్జెన్సీ లేని ఏడాది ఆ పని ఎవడూ చేయడు, నేనూ చేయలేదు.

ఇంకోటి, ఫైర్ వాటర్ ట్యాంకు జోలికి ఎవర్నీ వెళ్ళనివ్వకు. ప్రొడక్షన్ వాళ్ళు మూడో రోజుకి "కాస్త వాడుకుందాం, రేపు నింపేద్దాం" అంటూ వస్తారు చూడు.

బండివాడు:
నేను ఇలాంటి అద్దె యూనిట్లు నడిపే పనిలోనే ఉన్నాను, కాబట్టి అమ్ముకునేవాడి మాటగానే తీసుకోండి. పంప్‌హౌస్ బాబాయ్ గారు చెప్పిందాంట్లో ఒక్కటి సరిచేస్తాను. కూలింగ్ టవర్‌కి ట్యాంకర్ నీళ్ళు తిన్నగా పంపితే లెక్క మారిపోతుంది. ఇప్పుడు మంచి నీళ్ళ మీద సీఓసీ (టవర్‌లో తిరిగే నీళ్ళు కొత్త నీళ్ళ కంటే ఎన్ని రెట్లు చిక్కబడ్డాయన్నది) 5 దగ్గర నడుపుతున్నారనుకుందాం, 90లో ఆవిరైపోయేది 72. 600 హార్డ్‌నెస్ నీళ్ళయితే సీఓసీ 2కి దించక తప్పదు, లేకపోతే కండెన్సర్లలో కూడా అదే పెచ్చు. అప్పుడు బ్లోడౌన్ (చిక్కబడ్డ నీళ్ళు బయటికి వదలడం) పెరిగి మేకప్ (టవర్‌కి కొత్తగా పోసే నీళ్ళు) 144 అవుతుంది. ముందు లెక్కేసిన 90 కంటే 54 ఎక్కువ, ఆదా ఏం మిగలదు. అందుకని కొంత ఆర్వో నీళ్ళు కలిపి పంపాలి, లేదా ఆ రెండు రోజులూ ప్లాంటులో ఒక బ్లాకు ఆపేసి వేడి తగ్గించుకోవాలి. 5 కేఎల్ బండి చాలు అన్నది మంచి నీళ్ళు దొరికితేనే. ఏ బోరు నుంచి ట్యాంకర్లు వస్తాయో ఇప్పుడే ఖాయం చేసుకుని, రెండు మూడు బోర్ల రిపోర్టులు ఫైల్లో పెట్టుకుంటే సైజు దాన్నిబట్టి చెప్పొచ్చు.

మేం సైట్‌కి వచ్చాక టైమంతా పోయేది మెషీన్ దగ్గర కాదండీ. హోస్ తగిలించడానికి చోటుండదు. నడుస్తున్న లైను కోసి టీ (మూడు మూతుల పైపు ముక్క) పెట్టాలంటే హాట్ వర్క్ పర్మిట్ (వెల్డింగ్ లాంటి నిప్పు పనికి అనుమతి), సేఫ్టీ ఆఫీసర్ సంతకం, ఆయన లంచ్‌లో ఉంటాడు. ఇప్పుడే షట్‌డౌన్‌లో రా వాటర్ (శుద్ధి చేయని నీళ్ళ) లైనుకి ఒకటి, సాఫ్ట్ వాటర్ ట్యాంకుకి ఒకటి టై-ఇన్, వాల్వు, బ్లైండ్ ఫ్లాంజ్ (పైపు మూతి మూసే పలక)తో పెట్టించేయండి. బండి వచ్చాక అరపూట పని. ట్యాంకర్లలో క్లోరిన్ కలిపి ఉంటే మెంబ్రేన్‌కి విషం, మా దగ్గర దాన్ని పోగొట్టే మందు డోసింగ్ ఉంటుంది గానీ ఆ సంగతి మాకు ముందే చెప్పాలి.

ఒప్పందంలో అద్దె కంటే ముందు చూడాల్సింది ఎన్ని గంటల్లో వస్తారన్నది. చెన్నై యార్డ్ అంటే 800 కిలోమీటర్లు. తుఫానొస్తే అందరూ ఒకే రోజు ఫోన్ చేస్తారు, మా దగ్గర ఉన్నవి ఉన్నన్నే. ముందు ఎవరికి అన్నది కాగితం మీద లేకపోతే ఆ కాగితం దేనికీ పనికిరాదు, మాదైనా సరే.

క్యూఏ_మేడమ్:
ప్రాసెస్‌కి 20 కేఎల్ అన్నారు కదా సార్, అది ప్రొడక్ట్‌లోకి వెళ్ళే నీళ్ళయితే బండి నీళ్ళు తిన్నగా ఆ లైన్లోకి కలపకండి. మీ డీఎం ప్లాంటుకి ఫీడ్‌గా ఇవ్వండి, ఎప్పటి టెస్టులు అప్పుడు చేసుకుంటూ పోవచ్చు. చేంజ్ కంట్రోల్ (మార్పుకి ముందే తీసుకునే రాతపూర్వక ఆమోదం) ఇప్పుడే రాసి ఉంచుకోండి. రాత్రి రెండింటికి నాకు ఫోన్ చేసి "మేడమ్, కలిపేశాం" అన్నవాళ్ళున్నారు.

షిఫ్ట్‌బీ_వైజాగ్:
అందరికీ థాంక్స్. బాబాయ్, సీఓసీ చూశాను, మాది నాలుగున్నర దగ్గర నడుస్తోంది, బండివాడు గారి లెక్క దాదాపు మాకే సరిపోయింది. ఎండాకాలం ఏ బ్లాకు ముందు ఆపొచ్చో ప్రొడక్షన్‌తో కూర్చోవాలి, గొడవే.

ఇవాళ మధ్యాహ్నం టేపు పట్టుకుని గేటు నుంచి సంపు దాకా నడిచాను. అసలు టై-ఇన్ పాయింట్ ఉంది! ఎప్పుడో ప్లాంటు కట్టినప్పుడు పెట్టారు, మొక్కల వెనక, బ్లైండ్ ఫ్లాంజ్‌తో సహా. వాల్వు చక్రం తిప్పబోతే కదల్లేదు, ఫిట్టర్ ఆయిల్ పోసి కొట్టి కొట్టి చివరికి స్పిండిల్ విరగ్గొట్టాడు. సరే, అది మార్చుకుంటాం. అసలు చిక్కు పైప్ ర్యాక్ (రోడ్డు మీదుగా పైపులు మోసే ఫ్రేము). రెండో మలుపు దగ్గర రోడ్డు నుంచి ర్యాక్ అడుగుకి నాలుగు మీటర్లే ఉంది. కంటైనర్ ట్రెయిలర్ మీద ఎక్కితే ఎంత ఎత్తు వస్తుందండీ?

బండివాడు:
మామూలు కంటైనరే 2.6 మీటర్లు, ట్రెయిలర్ బల్ల మీటరున్నర. మీ ర్యాక్ కింద పట్టదు. లో-బెడ్ (బల్ల కిందికి ఉండే ట్రెయిలర్) మీద పంపమనండి, అద్దె కాస్త ఎక్కువ. కంటైనర్ హై క్యూబ్ కాకూడదని ఆర్డర్లో రాయించండి, అది ఇంకో అడుగు ఎత్తు. లేదా మలుపుకి ఇవతలే దింపించి హోస్ లాగొచ్చు. అక్కడి నుంచి సంపు ఎన్ని మీటర్లు?

షిఫ్ట్‌బీ_వైజాగ్:
70. రేపు మళ్ళీ కొలిచి చెప్తాను.