కామెర్లకు పసరు పోయించాలా, ఆసుపత్రికి వెళ్లాలా?

కృష్ణాతీరం:
మా వదినకు నాలుగు రోజులుగా కళ్లు పచ్చగా ఉన్నాయి, మూత్రం బాగా ముదురుగా వస్తోంది. ఇప్పుడు ఏడో నెల. అమ్మ పసరు పోయిస్తానంటోంది. ఏం చేయాలి?

పాతూరువాసి:
పసరే పోయించండి. 1994లో నాకు కామెర్లొస్తే ముక్కులో మూడు చుక్కలు వేశారు, గిన్నెడు పచ్చనీళ్లు కారాయి. చప్పిడి పత్యం చేసి మూడు వారాల్లో లేచి తిరిగాను.

మెట్టపొలం:
హెపటైటిస్ ఎ (కాలేయానికి వచ్చే వైరస్ జబ్బు) అయితే చాలామందికి ఏ మందూ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుతుంది. మండే పసరు వేస్తే ముక్కులో పొర వాచి నీరు కారుతుంది. కామెర్ల పసుపు రక్తంలోని బిలిరుబిన్. అది పైత్యరసంతో పేగుల్లోకి, కొంత మూత్రంలోకి పోతుంది గానీ ముక్కులోంచి కాదు.

పాతూరువాసి:
ఆ నీళ్లు నేను కళ్లారా చూశాను. మీరు చూశారా?

మిరపతోట:
నేల ఉసిరి పనిచేస్తుందని 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలోనే వచ్చింది కదా?

మెట్టపొలం:
వచ్చింది, హెపటైటిస్ బి ఉన్నవాళ్ల మీద. తర్వాతి పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు.

పాతూరువాసి:
పచ్చనీళ్ల సంగతి వదిలేశారు. మీకు ఊళ్లోవాళ్లంటే చులకన.

మెట్టపొలం:
చులకనా? మా నాన్నను పసరుకు తీసుకెళ్లింది నేనే! ఒళ్లంతా దురద, విరేచనం సున్నంలా తెల్లగా. నొప్పి లేదు కదా అని ఐదు వారాలు పత్యం పెట్టాం. తీరా స్కాన్ చేస్తే క్లోమం తలభాగంలో గడ్డ, పైత్యనాళం మూసుకుపోయింది. అప్పటికే ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందన్నారు.

పాతూరువాసి:
మా తమ్ముడు ఆసుపత్రిలోనే పోయాడండీ. 18 రోజులు ఉంచారు, ఎకరం అమ్మాం. ఏం జబ్బో ఒక్కరూ కూర్చోబెట్టి చెప్పలేదు. పసరు పోసినాయన నా చెయ్యి పట్టుకుని మాట్లాడాడు, రూపాయి తీసుకోలేదు. ఆసుపత్రి గడపంటేనే నాకు భయం.

గాజులబుట్ట:
ఏడో నెల అని మొదటే రాశారు, ఎవరూ చూడరేం? హెపటైటిస్ ఇ అయితే ఈ నెలల్లో తల్లి ప్రాణానికే ముప్పు. మగతగా ఉందా? మాట తడబడుతోందా? ఉంటే తెల్లారేదాకా ఆగకండి. కాన్పుల వార్డున్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఎల్‌ఎఫ్‌టీతో (కాలేయం పనితీరు చూసే రక్తపరీక్ష) పాటు రక్తం గడ్డకట్టే పరీక్ష కూడా చేయించండి.

కృష్ణాతీరం:
మధ్యాహ్నం నుంచి పడుకునే ఉంది. ఇప్పుడు లేపితే నన్ను పోల్చుకోలేకపోయింది. 108కి ఫోన్ చేశాం, బండి వస్తోంది. అమ్మ కూడా ఎక్కుతానంది.

పాతూరువాసి:
వెళ్లండి, ముందు వెళ్లండి. ఏం జబ్బో విడమరిచి చెప్పమని డాక్టర్‌ను అడగండి. మొహమాటపడొద్దు.